అది ఏ చెట్టుకు కాస్తాది?

పాత గుంతకల్లు దారిలో సైకిలు షాపు మీద
ఒక రేకుల గది, నా ఇంగ్లీషు బడి.
సాయంత్రం ఆరున్నరైనా రేకులు చల్లారవు.
ఆ పొద్దు బోర్డు మీద ఒకటే మాట రాసినాను:
థ్యాంక్స్.

క్యాంటీన్ పిల్లోళ్ళు నవ్వినారు,
"ఇది గూడా రాదా సార్ మాకు!"
వెనక బల్ల మీద ఉరుకుందమ్మ నవ్వలేదు.
రైలు పెట్టెలు కడిగే పని ఆమెది.
"ఏసీ పెట్టెలో అందరూ అంటారు సార్ ఆ మాట,
సెల్లులోంచి తల ఎత్తకుండానే.
దానికి అర్థమేంది?"

అర్థం కావాలంటే వేరు పెరకాల.
పెరికినాను.
థ్యాంక్, థింక్ ఒక కడుపున పుట్టినవి.
వెనకటికి ఆ మాటంటే తలపే,
నువ్వు చేసింది మనసులో పెట్టుకుంటానని.
ఆబ్లైజ్డ్ అంటే కట్టుబడినవాడు,
గాటికి కట్టేసిన ఎద్దు మాదిరి,
మన 'రుణపడి ఉంటా'కు దగ్గర చుట్టం.
గ్రేట్‌ఫుల్‌కూ గ్రేట్‌కూ ఏ బంధుత్వమూ లేదు,
స్పెల్లింగులో సగం మంది జారిపడేది అక్కడే.
మరి మనదో?
కృతజ్ఞత, చేసింది ఎరిగి ఉండడం.
ఒక్క అక్షరం తారుమారైతే కృతఘ్నత,
చేసిందాన్ని చంపడం.

ఉరుకుందమ్మ అంతా వినింది.
"అయితే వాళ్ళు నన్ను తలుస్తారా సార్,
ఇల్లు చేరినాక?"

చాక్‌పీసు చేతిలోనే ఉండిపోయింది.
జవాబు రాలేదు. వచ్చింది వేరేది.

బొగ్గింజన్ల కాలం. నాకు ఎనిమిదేళ్ళు.
బోరింగు కొడితే ఇసుక పడే ఎండాకాలం,
అమ్మ సత్తు బకెట్టిచ్చి లోకో షెడ్డు కాడికి తోలింది.
ఇంజను మీది నుంచి మసి ముఖమొకటి వంగింది,
పండ్లు మాత్రం తెల్లగా.
కొళాయి తిప్పినాడు. ఉడుకు నీళ్ళు, బొగ్గు వాసన.
రైల్వే బడిలో ఆ వారమే నేర్చిన మాటను
మొదటిసారి గాలికి వదిలినాను.
ఆయన పెద్దగా నవ్వి, నా కోసమే అన్నట్టు
ఒక కూత వేసినాడు.

ఇంట్లో గొప్పగా చెప్తే అమ్మ అడిగింది,
"నీళ్ళకు బదులు ఏమిచ్చినావురా?"
"థ్యాంక్స్ ఇచ్చినా."
"అది ఏ చెట్టుకు కాస్తాది?"

మర్నాడు ఉడకేసిన సెనక్కాయలు,
పాత చీర గుడ్డలో మూట.
షెడ్డు కాడ రెండు గంటలు నిలబడినాను.
ఆయన రాలేదు. ఎవరినడగాల, పేరు తెలిస్తే గదా.
మూట వెచ్చదనం చేతికి తగులుతానే ఉంది.
ఒకటి ఒలిచినాను. ఇంకొకటి.
ఆఖరుకు గుడ్డకంటిన ఉప్పు గూడా నాకినాను.
"తిన్నాడు మా, బాగుండాయన్నాడు"
అని అమ్మకు చెప్పినాను.
అమ్మ అదే నమ్ముకొని పోయింది.

షెడ్డులోకి డీజిల్ వచ్చింది, కరెంటు వచ్చింది.
ఇప్పటికీ ఉడుకు నీళ్ళు పోసుకునేటప్పుడు
నా ముక్కు బొగ్గు వాసన వెతుకుతాది.

సెనక్కాయ చెట్టుకు పూత పైన,
పసుపుపచ్చగా, ఒక్క పూట.
ఊడ మట్టిలోకి దిగి కాసేది
పెరికేదాకా ఎవరికీ తెలియదు,
చేను గలాయనకు గూడా.

"కొందరు తలుస్తారమ్మా" అన్నాను ఎట్లనో,
"నీకు తెలియకుండా."
ఆమె నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

ఏడున్నరకు పిల్లోళ్ళు థ్యాంక్యూ సార్, థ్యాంక్యూ సార్ అని
మెట్లు దడదడలాడించి పోయినారు.
ఉరుకుందమ్మ బోర్డు తుడిచింది, ఎవరూ చెప్పకుండానే.
"మీ పూర్తి పేరేంది సార్?"
"ఎందుకమ్మా?"
"తలచాలంటే పేరుండాల గదా."

నా పెన్నే అడిగి తీసుకొని,
నోటుబుక్కు వెనక అట్ట మీద
ఇంటిపేరుతో సహా రాసుకొని,
మూత పెట్టి పెన్ను తిరిగిచ్చింది.
థ్యాంక్స్ మాత్రం అనలేదు.